సర్కారు కట్టకు గండి కొట్టినవాణ్ణి

మా చెల్లెలి మనవరాలు కెజియా ఇంజనీరింగు చదివి ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. ఎక్కడో హిమాలయాల్లో పని. అక్కడ మంచు కరిగిన నీళ్ళు కొండల నడుమ సరస్సులుగా నిలుస్తాయట. ఆ నీటిని ఆపి ఉంచేది మనిషి కట్టిన ఆనకట్ట కాదు. పెద్ద పెద్ద మంచుగడ్డలు కిందికి జారుతూ తోసుకొచ్చి పడేసిన రాళ్ళూ మట్టీ, వాటి మధ్య ఇంకా కరగని మంచూ. అది ఎప్పుడు తెగుతుందో ఎవరికీ తెలియదు. తెగితే కింద లోయలో ఊళ్ళు మిగలవు. అలాంటి సరస్సుల్ని కనిపెట్టుకుని ఉండే బృందంలో తనూ ఒకతె.

వెళ్ళే ముందు బందరులో మా ఇంటికొచ్చింది.

"తాతయ్యా, మీరు కాలువల డిపార్టుమెంటులో చేశారు కదా. నాకేమైనా చెప్పండి" అంది.

"నేను సోడా కొట్లో తప్ప మంచు ముక్క చూసినవాణ్ణి కాదమ్మా" అన్నాను.

"మంచు సంగతి చెప్పడానికి మాకు వేరే వాళ్ళున్నారు. మీరు నీళ్ళ సంగతి చెప్పండి."

ఆ పూట ఏదో చెప్పాను గానీ, చెప్పకుండా మిగిలిపోయిందే ఎక్కువ. ఆ అమ్మాయి కోసమూ, ఆ పనిలోకి వచ్చే మరెవరి కోసమైనా ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ పోస్టులో ఉన్నానో, ఎవరి తరువాత ఎవరికి చార్జి ఇచ్చానో రాయను. అవన్నీ నా సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. దాన్ని చదివినవాళ్ళకు నా మీద మంచి అభిప్రాయం కలగదు. అందులో ఒక పేజీలో ఎర్రసిరాతో, 'అనుమతి లేకుండా ప్రభుత్వ కట్టకు గండి కొట్టిన ఉద్యోగి' అని రాసి ఉంది. ఆ మాట నిజమే. కొట్టాను. ఎందుకు కొట్టానో రాయడానికి ఆ పేజీలో గడి లేదు.

గట్టు అవతల

నేను సూపర్వైజరుగా చేరింది యాభైల నడుమ. మొదటి పోస్టింగు గుడివాడ. ఏడాది తిరక్కుండానే పెడన వైపు ఒక మురుగు కాలువ మీద వేశారు. పొలాల్లో ఎక్కువైన నీటిని సముద్రానికి మోసుకుపోయే కాలువ అది. దాని గట్టును ఆనుకుని, గట్టు కంటే బాగా పల్లంలో, నేతగాళ్ళ వీధి ఉండేది. ప్రతి ఇంట్లోనూ గుంట మగ్గం. నేసే మనిషి గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుంటాడు.

ఆ గట్టుకు వీరాస్వామి అనే లస్కరు ఉండేవాడు. లస్కరు అంటే రోజూ గట్టు పొడుగునా నడిచి, తూములనూ గట్టునూ కనిపెట్టుకుని ఉండే మనిషి. నా కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. చదువు లేదు.

ఆ ఏడు శ్రావణంలో వానలు వదల్లేదు. కాలువ నిండుగా పారుతోంది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే వీరాస్వామి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"అయ్యా, నేతగాళ్ళ వీధి కాడ గట్టు అవతల ఊట పడతా ఉందండీ."

"వానాకాలం ఊట పడదా వీరాస్వామీ?"

"నిన్నటిదాకా తేటగా వచ్చిందండీ. పొద్దుట్నించీ ఎర్రగా వస్తోంది. మీరొకసారి దిగి చూడండి."

వెళ్ళాను. గట్టు మీద నిలబడి కాలువలో నీటిమట్టం కొలిచాను. గట్టు పైఅంచుకు ఇంకా జానెడున్నర కింద ఉంది నీరు. నా పుస్తకంలో రాసుకున్నాను. గట్టు పొర్లనిదే తెగదు అని నా నమ్మకం. వీరాస్వామి అప్పటికే అవతలి వైపు దిగి, మోకాలి లోతు బురదలో నిలబడి, దోసిట్లో నీళ్ళు పట్టి నా వైపు ఎత్తి చూపించాడు.

"ఇటు దిగండయ్యా, ఒక్కసారి."

నా కాళ్ళకు కొత్త బూట్లున్నాయి. "ఇక్కణ్ణించి కనబడుతోందిలే" అన్నాను. కనబడలేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి గట్టు తెగింది. పొర్లి కాదు, అడుగు నుంచి. నీరు వీధి మీద పడి మగ్గాల గుంటలన్నీ నింపేసింది. ఒక ఇంట్లో ముసలావిడ, చూపు ఆనని మనిషి, గుంట పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆవిడ ఆ గుంటలోనే పోయింది.

సాయంత్రం ఆవిడ కొడుకు నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"నిన్న మీరు గట్టు మీదికి వచ్చారటగా అండీ. ఏం చూశారు?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. జానెడున్నర అని రాసుకున్న పుస్తకం నా జేబులోనే ఉంది.

దానికంటే సిగ్గుపడవలసిన పని ఆ తరువాత చేశాను. ఆఫీసు నుంచి వచ్చిన రిపోర్టులో 'లస్కరు సకాలంలో తెలియజేయనందువల్ల' అని ఉంది. పై అధికారి, "మీరు కుర్రవాళ్ళు, ముందు సర్వీసంతా ఉంది, సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టాను. వీరాస్వామిని పనిలోంచి తీసేశారు. నెల తరువాత వాళ్ళింటికి వెళ్ళి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అతను నులక మంచం మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "ఆ మాట కాయితం మీద రాస్తే వింటానండీ" అన్నాడు.

రాయలేదు నేను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అతను పోయిన కబురు విన్ననాడు కూడా రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. ఇది అతనికేమీ పనికి రాదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒక్కటి తెలుసుకోవాలి. గట్టు అవతల తేట నీరు ఊరితే గట్టు చెమర్చినట్టే, కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. రంగు మారిన నీరు వస్తే గట్టులోని మట్టి బయటికి నడిచిపోతోందన్నమాట. పైన ఎంత ఎత్తుంటే ఏం లాభం? ఆ తరువాత ఎక్కడ పనిచేసినా చెప్పులు విప్పి గట్టు అవతలికి దిగి చూశాను. దాన్ని కొందరు వినయం అనుకున్నారు. కాదు, భయం.

మూసుకుపోయిన మొగ

అరవైలు మొదలయ్యేసరికి దివిసీమలో, నాగాయలంక కిందుగా ఉన్న సెక్షనుకు వచ్చాను. దాని చివర ఒక పెద్ద మురుగు కాలువ సముద్రంలో కలుస్తుంది. కలిసే చోటును మొగ అంటాం. మొగకు దక్షిణంగా మైలు దూరంలో, సముద్రానికీ పాత ఇసుక దిబ్బకూ మధ్య పల్లంలో, చేపలు పట్టుకునేవాళ్ళ పాలెం. అరవై గడప ఉంటుందేమో. పీతలపాలెం అనేవారు.

మొగ ఒకప్పుడు బాగా వెడల్పుగా ఉండేదట. నేను వెళ్ళేనాటికి సగం కూడా లేదు. ఆ ప్రాంతపు మోతుబరి జగన్నాథం గారు మొగ పక్కనున్న ఉప్పునేలకు కట్ట పోసి, రెండు మూడేళ్ళు వాననీటితో ఉప్పు కడిగి, వరి వేయించారు. ఆ కట్టను మా డిపార్టుమెంటు వాళ్ళే రక్షణ కట్ట అని రికార్డుల్లోకి ఎక్కించారు. ఎలా ఎక్కించారో నేను చెప్పనక్కర్లేదు. అంత పెద్ద కాలువ ఆ సన్నటి సందులోంచి ఎలాగో సముద్రంలోకి దారి చేసుకుంటూ ఉండేది.

ఒక కార్తీకంలో గాలివాన వచ్చింది. మరీ పెద్దదేమీ కాదు, మనుషులెవరూ పోలేదు. కానీ అలలు ఇసుకను తెచ్చి ఆ సందులో అడ్డంగా పోసేశాయి. మొగ మూసుకుపోయింది. పైన పొలాల నుంచి వాననీరు దిగుతూనే ఉంది. అది వెళ్ళడానికి దారి లేక మొగ వెనకాల నిలిచింది. నాలుగు రోజుల్లో, మొన్నటిదాకా గేదెలు మేసిన బీడంతా చెరువైపోయింది. అవతలి ఒడ్డు చూడాలంటే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది.

ఆ చెరువుకు ఎవరూ కట్ట కట్టలేదు. ఒక వైపు మొగలో కొత్తగా పడిన ఇసుక. ఇంకో వైపు పాత దిబ్బ. కెజియా చెప్పిన కొండమీది సరస్సు లాంటిదే ఇదీ. మాకు కొండలు లేవు, అంతే తేడా.

నేను పాలెం వైపు నుంచి నడిచి వెళ్ళాను. దిబ్బ అంతా రెండు నిలువుల ఎత్తుకు మించి ఉంది గానీ, పాలేనికి ఎదురుగా ఒక చోట బాగా కుంగి, నడుము ఒంగినట్టుగా ఉంది. అక్కడే, దిబ్బకు పాలెం వైపు అడుగున, నాంచారమ్మ అనే ఆవిడ చతికిలబడి కూర్చుని ఇసుకలో వేలితో గుచ్చి చూస్తోంది. నలభై దాటిన మనిషి. మొగుడు సముద్రం మీద పోయాడు. సొంత నావ ఉంది, మరిది కొడుకుల్ని వేసుకుని తనే వేటకు వెళ్తుంది. ఆడమనిషి నావ ఎక్కడమేంటని పాలెంలో కొన్నాళ్ళు గొణుక్కుని మానేశారు.

"ఓవర్సీరు బాబూ, ఇటు రండి" అంది నన్ను చూసి. సూపర్వైజరు అనే మాట ఆ పాలెంలో ఎవరూ వాడేవాళ్ళు కాదు. చెప్పులు విప్పి దిగాను.

"ఈ నీళ్ళు తాగి చూడండి."

ఇసుకలోంచి ఊరుతున్న నీళ్ళు. నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు.

"సముద్రం పక్కన మంచినీళ్ళు ఊరుతున్నాయంటే అవి ఎక్కడియ్యో మీకు చెప్పాలా? మొన్న ఇక్కడ తడి లేదు. నిన్న తడి. ఇయ్యాళ చూడండి, ఇసక కూడా కదుల్తా ఉంది నీళ్ళతో."

చూశాను. ఊట చుట్టూ ఇసుక రేణువులు ఉడుకుతున్నట్టు ఆడుతున్నాయి. 

"ఇంకో మూణ్ణాళ్ళకి అమావాస్య. అమావాస్య పోటుకి కెరటం పాలెం పక్క పాయలోంచి ఎక్కి ఈ దిబ్బ మొదలు కొరుకుద్ది. ఇవతల్నించి సముద్రం, అవతల్నించి మీ చెరువు. మధ్యలో మేం."

"మీరంతా ఊరు ఖాళీ చేసి పైకి రండి" అన్నాను.

"ఎక్కడికండీ పైకి? మూడు వైపులా నీళ్ళే. మీరు నడిచొచ్చిన దారి ఈ కుంగే దిబ్బ మీదే. నావలున్నాయి, నిజమే. ముసలాళ్ళనీ బాలింతల్నీ ఏసుకుని ఈ కెరటాల్లో ఎటు పొమ్మంటారు?"

ఆ రోజూ మర్నాడు పొద్దున్నా లెవెలు పరికరంతో కొలతలు తీశాను. చెరువు నీటిమట్టం పాలెంలో ఇళ్ళ అరుగుల కంటే నిలువెత్తు పైన ఉంది. దిబ్బ ఆ కుంగిన చోట తెగితే నీరు ఒక్కసారిగా పాలెం మీద పడుతుంది. మూసుకుపోయిన మొగ దగ్గర ముందుగానే మనం దారి తీస్తే ఎవరి ఇల్లూ లేని వైపు నుంచి సముద్రంలోకి పోతుంది. కానీ కాలువ అడుగుకు ఎదురుగా, నీటికి సముద్రం అన్నిటికంటే దగ్గరైన చోట, జగన్నాథం గారి కట్ట అడ్డంగా ఉంది.

ఈఈ గారి జీపు

ఆ మధ్యాహ్నమే మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు, ఈఈ గారు అనేవాళ్ళం, జీపులో వచ్చారు. జీపు రాగలిగిన చోటిదాకానే. ఆయన్ని చెడ్డవాడు అనలేను. లెక్కల్లో దిట్ట. కాగితం మీద నీటిని ఆయనంత చక్కగా నడిపించేవాణ్ణి నేను చూడలేదు. నాకు లెవెలు తీయడంలో తప్పులు దిద్ది నేర్పింది ఆయనే. అయితే పైనుంచి ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆయన లెక్కలు ఆయనకే గుర్తుండేవి కావు. జీపులో వెనక సీటులో జగన్నాథం గారు కూర్చుని ఉన్నారు.

నా కొలతలు చూపించాను. ఆయన చూసి, "కుంగిన చోట ఇసుక బస్తాలు వేసి ఎత్తు పెంచండి. ఎస్టిమేటు పంపండి. మొగ సంగతి సర్కిల్ ఆఫీసుకు రాస్తాను" అన్నారు.

"ఎత్తు పెంచితే నీరు ఇంకా పెరుగుతుందండీ. అడుగున ఇసుక కదులుతోంది. ఎంత పెంచితే అంత పెద్ద నీరు పడుతుంది వాళ్ళ మీద. దించాలండీ నీటిని."

"ఎక్కణ్ణించి దించుతారు?"

చెయ్యెత్తి కట్టను చూపించాను. జగన్నాథం గారు మెల్లగా, మర్యాదగానే అన్నారు, "రాజరత్నం గారూ, వరి పొట్ట మీదుంది. అది సర్కారు కట్టండీ. సర్కారు ఉద్యోగి సర్కారు కట్ట తెంపుతానంటే ఎలాగండీ?"

"ఒక్కసారి దిగి వచ్చి ఆ ఊట చూడండి సార్" అని ఈఈ గారిని బతిమాలాను. నడిస్తే అరగంట దూరం.

ఆయన తన బూట్ల వంక చూసుకున్నారు. నేనూ చూశాను.

"రిపోర్టు రాయండి" అన్నారు. జీపు వెనక్కి తిరిగింది. ఆ సాయంత్రం నాగాయలంక నుంచి, కట్ట తెంపడానికి అనుమతి అడుగుతూ ఈఈ గారికి తంతి ఇచ్చాను. రాత్రికి ఇంకొకటి. తెల్లవారకముందే, బస్తాల బండితో పాటే, 'బస్తాలు వేయించండి, కట్టను తాకవద్దు' అని జవాబు వచ్చింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పాలెం వెళ్ళాను. అమావాస్యకు ఒక్క రోజుంది.

పాటు మొదలైన వేళ

సముద్రం పైకొచ్చేది పోటు, వెనక్కి తగ్గేది పాటు. మేం పాటు వేళకే తెంపాలి. అప్పుడు సముద్రం కిందికి ఉంటుంది, నీరు బాగా లాగుతుంది. ఆ రోజు పాటు మధ్యాహ్నానికి ముందు మొదలవుతుందని నాంచారమ్మ చెప్పింది. పంచాంగం చూడకుండానే చెప్పింది.

నేను జేబులోని కాగితం తీసి పాలెంవాళ్ళకు చదివి వినిపించాను. దాచి పని చేయించడం నాకు ఇష్టం లేదు. "ఇది నాకొచ్చిన ఉత్తరువు. దీనికి విరుద్ధంగా చేస్తున్నాను. పోలీసులొస్తే, ఓవర్సీరు చెయ్యమన్నాడని చెప్పండి. మీకై మీరు చేశామని ఎవరూ అనొద్దు."

 నాంచారమ్మ కొంగు బిగించి పార అందుకుంది. వెనకాల ఇరవై ముప్పై పారలు లేచాయి.

ఇలాంటి పని చేయవలసి వస్తే, ఎలా చేశామో చెబుతాను. చెరువు వైపు నుంచి మొదలుపెట్టకూడదు. సముద్రం వైపు నుంచి సన్నటి కాలువ తవ్వుకుంటూ వెనక్కి రావాలి. చెరువు పక్కన మట్టి కొంత ఆఖరిదాకా ఉంచుకోవాలి. కాలువకు రెండు పక్కలా సరుగుడు గుంజల్ని బాదులుగా దిగ్గొట్టి, వాటికి తాటాకు తడికలు కట్టి, వెనక ఇసుక బస్తాలు పేర్చాం. బస్తాలు ఈఈ గారు దిబ్బ ఎత్తు పెంచడానికి పంపినవే. నీటికి దారి ఇస్తే చాలదు, అది దారిని నమిలి పెద్దది చేసుకోకుండా ఆపాలి. లేకపోతే మనమే వరద తెచ్చినవాళ్ళమవుతాం.

పదిన్నరకు జగన్నాథం గారు వచ్చారు. ఆయన మనుషులు కుర్చీ తెచ్చి కట్ట మీద, సరిగ్గా మేం తెంపవలసిన చోట వేశారు. ఆయన కూర్చున్నారు.

"కొట్టండి రాజరత్నం గారూ. నన్ను కూడా కలిపి కొట్టండి."

 ఆయన పెద్దమనిషి, వయసులో మా నాన్నంత. చెయ్యి పట్టుకుని లేపలేను. నాంచారమ్మ పార భుజాన వేసుకుని ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"బాబుగోరూ, మీ పొలం నాకు తెలుసు. నాటేసింది మా ఆడాళ్ళే. ఆ వరి పోతే మాకూ బాధే. మీరు కూకోండి, మేం చుట్టూ తవ్వుకుంటాం. కానీ నీళ్ళకి మీరెవరో తెలవదండీ. కుర్చీ కూడా పోద్ది."

ఆయన కాసేపు చెరువు వైపు చూశారు. అంత దగ్గరగా ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. లేచారు. "కోర్టులో చూసుకుందాం" అని, కుర్చీ తీయించుకుని వెళ్ళిపోయారు.

పాటు లాగడం మొదలవగానే ఆఖరి మట్టిని తీసేశాం. మొదట చేతి వెడల్పు ధార. కాసేపటికి బారెడు. బాదులు వణికాయి గానీ నిలిచాయి. అందరూ కేకలు వేశారు. నేనూ వేశాను. తొందరపడ్డాం.

ఒంటిగంట వేళకు దక్షిణపు పక్క తడికల కింద నీరు తొలుచుకుంది. నాలుగు బాదులు ఒక్కసారిగా లేచి కొట్టుకుపోయాయి. గట్టు ముక్కలు ముక్కలుగా విరిగి పడుతోంది. బస్తాలు వేస్తే ఆకుల్లా తేలిపోతున్నాయి. అలాగే వదిలేస్తే మొగ దగ్గరి దిబ్బంతా కోసుకుంటూ దక్షిణంగా, పాలెం వైపుకే తిరుగుతుంది. నేను చూడవలసిన చోట చూడలేదు. అటు పక్క నేల మెత్తనని ముందే గమనించి ఉంటే బాదులు ఇంకా లోతుగా దించేవాణ్ణి. ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయాను. ఆ క్షణంలో నాకు ఏ పుస్తకమూ గుర్తు రాలేదు.

"నా నావ తెండిరా!" అని అరిచింది నాంచారమ్మ.

ఒడ్డున కట్టిన ఆవిడ నావను ఎనిమిది మంది ఈడ్చుకొచ్చారు. అందులోకి ఇసుక తట్టలు తట్టలుగా పోశారు. మోకులు కట్టి, విరుగుతున్న గట్టు మొదట్లోకి అడ్డంగా వదిలారు.

"నాంచారమ్మా, ఇది మునిగితే మళ్ళీ రాదు" అన్నాను.

"ముంచడానికేగా తెమ్మంది" అంది.

నావ ఒక పక్కకు ఒరిగి, గిర్రున తిరగబోయి, ఆగింది. నీటి అడుగున కూర్చుంది. దాని వెనక బస్తాలు నిలిచాయి. గట్టు విరగడం ఆగిపోయింది. ఆవిడ అటు చూడలేదు, అప్పటికే ఇంకో తట్ట ఎత్తుకుంటోంది.

పొద్దు వాలేసరికి చెరువు మూరెడు దిగింది. నేను నడిచి వెళ్ళి పాలెం దగ్గరి ఊట చూశాను. ఇసుక ఆడటం ఆగింది. మర్నాటికి ఊటే లేదు. అమావాస్య పోటు వచ్చి దిబ్బ మొదలంతా కొరికింది గానీ, వెనక తోసే నీరు అప్పటికి లేదు.

తెగిన కట్టలోంచి జగన్నాథం గారి వరిలోకి ఆ పోటు ఉప్పునీరు ఎక్కింది. పైరు పోయింది. ఆయనకు అదొక లెక్క కాదు. కానీ ఆ నేలలో కొంత భాగం ముగ్గురు కౌలుదార్లు చేస్తున్నారు. వాళ్ళకు ఆ ఏడు గింజ లేదు. అది నేను చేసిన నష్టమే. వాళ్ళలో ఒకాయన నాతో చచ్చేదాకా మాట్లాడలేదు. ఆయనకు ఆ హక్కు ఉంది.

సంజాయిషీ

ఈఈ గారు మర్నాడు వచ్చారు. ఈసారి జీపు దిగి మొగ దాకా నడిచారు. చాలాసేపు నిలబడి నీటిని చూశారు.

"మీకు ఉత్తరువు ఇచ్చాను కదా" అన్నారు.

"ఇచ్చారండీ."

"దిబ్బ తెగేదని రుజువేంటి మీ దగ్గర?"

"తెగి ఉంటే రుజువు దొరికేదండీ."

ఆయన ముఖం ఎర్రబడింది. సస్పెన్షను ఉత్తరువు వారం తిరక్కుండా వచ్చింది.

బందరు ఆఫీసులో విచారణ. విచారణ అధికారి నెమ్మదైన మనిషి. అనుకోకుండా, ఆవేశంలో పొరపాటు చేశానని ఒక్క ముక్క రాసిస్తే మందలింపుతో ముగించేస్తానన్నాడు. కాగితం కూడా ముందుకు జరిపాడు. ఒకసారి అలాంటి కాగితం మీద సంతకం పెట్టి ఉన్నాను కాబట్టి, రెండోదాని బరువు నాకు తెలుసు. "అనుకునే చేశానండీ. ఆలోచించి చేశాను. కొలతలు ఇవిగో" అన్నాను.

పాలెం నుంచి నాంచారమ్మ సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. పొద్దున్నించీ వరండాలో కూర్చోబెట్టి, నాలుగింటికి పిలిచారు.

"ఆ నీటివల్ల మీ ఊరికి ప్రమాదం ఉందని నువ్వెలా చెప్పగలవు? లెవెలంటే తెలుసా నీకు?" అని అడిగాడు అధికారి.

"నాకు లెవెలు తెలవదండీ. మా ఇల్లు ఉంది. పొద్దున్న ఆ ఇంట్లోంచే బయల్దేరి వచ్చాను."

"ఇల్లు ఉందంటే ప్రమాదం రాలేదనేగా?"

ఆవిడ నా వైపు తిరిగి, "ఈయనేంటండీ ఇట్టా అంటారు" అంది. 

ఈ వృత్తిలో ఇదొకటి ఉంది. గట్టు తెగితే మంత్రులు వస్తారు, ఫోటోలు పడతాయి, తెగాక పరిగెత్తినవాడికి పేరొస్తుంది. తెగకుండా చేసినవాడు ఏమీ లేనిచోట ఏదో ఊహించుకున్నవాడు. రాని వరదకు సాక్షులుండరు. మెప్పు కోసమైతే ఇందులోకి రావద్దు.

తీర్పు వచ్చింది. ఎర్రసిరా పడింది. పనిలోకి తీసుకున్నారు గానీ గుడివాడలో ఒక గదిలో కూర్చోబెట్టి మ్యాపులకు నకళ్ళు తీసే పని ఇచ్చారు. నీటికి దూరంగా ఉంచడమే వాళ్ళ ఉద్దేశం. నాంచారమ్మ నావ ఊసు ఆ ఫైలులో ఎక్కడా లేదు. పాలెంవాళ్ళు అంతా కలిసి ఆవిడకు ఇంకో నావ కట్టించారని తరువాత విన్నాను.

పై ఏడు మళ్ళీ గాలివాన వచ్చింది. మళ్ళీ మొగ పూడింది. జగన్నాథం గారి కట్ట మళ్ళీ లేచి నిలబడి ఉంది. నా చోట వచ్చిన సూపర్వైజరు రిపోర్టు రాసి, ఉత్తరువు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడు. అతణ్ణి తప్పు పట్టను. నాకు జరిగింది చూశాడు కదా.

పాలెంవాళ్ళు ఎదురు చూడలేదు. చెరువు మోకాలెత్తు పెరిగిందో లేదో, పాటు వేళ చూసుకుని, పట్టపగలు, ఊరంతా కలిసి వెళ్ళి కట్ట కొట్టేశారు. బాదులు ఈసారి దక్షిణం వైపు రెట్టింపు లోతు దించారట. తడికలు రెండు వరసలు కట్టారట. ఒక్క బాదు కూడా కదల్లేదట. వరి ఆ చివర రెండు మళ్ళలోనే పోయిందట.

పోలీసులు వెళ్ళి అడిగితే, పాలెంలో ప్రతి మనిషీ కొట్టింది నేనంటే నేనని ముందుకొచ్చాడు. అంతమందిని ఎక్కించే బండి వాళ్ళ దగ్గర లేదు. దాంతో తేలిగ్గా దొరికేవాణ్ణి నేనే అయ్యాను. గుడివాడకు నా పేరున ఒక మెమో వచ్చింది. ఇంకా దాచుకున్నాను. 'సదరు ప్రజలను కట్ట కొట్టడానికి మీరే పురికొల్పినట్లు అనుమానం ఉంది. ఆ రోజు మీరు ఎక్కడ ఉన్నారో, ఆ పనిలో మీ ప్రమేయం ఏమిటో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.'

మూడు రోజులు అక్కర్లేదు. మ్యాపులు పక్కకు నెట్టి, ఆ మెమో కిందే ఖాళీ ఉన్న చోట రాశాను.

'ఆ రోజు నేను గుడివాడ ఆఫీసులో ఉన్నాను. అక్కడ లేనందుకు విచారిస్తున్నాను. ఉండి ఉంటే నేనూ ఒక పార పట్టేవాణ్ణి.'

కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, ఆఫీసు ప్యూన్ కోసం ఆగకుండా నేనే పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి రిజిస్టరు చేయించి వచ్చాను.